తడిక తీసే తొందర వద్దు

చి. మేనల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆడ జాగ్వార్ చేప ట్యాంకు పైమూలన, హీటరు వెనక, తోక కిందికి వేలాడేసి నిలబడింది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. తోక అంచు చీలికలైంది. అది విశ్రాంతి తీసుకోవడం కాదురా, పారిపోవడానికి చోటు లేక అక్కడ ఇరుక్కుంది. ఈ ముక్క చదవగానే లేచి మగదాన్నీ దాన్నీ వేరు చెయ్యి. కూరగాయలు వేసే చిల్లుల ప్లాస్టిక్ క్రేటు ఒకటి బాగా కడిగి, అదే ట్యాంకులో పెట్టి, ఆడదాన్ని అందులో ఉంచి పైన మూత బిగించు. వలతో పట్టకు. వెన్నురెక్క ముళ్ళు వలలో చిక్కుకుంటే ఉన్న గాయం రెండింతలవుతుంది. నీళ్ళలోనే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి, నీటితో సహా ఎత్తు.

నీ ట్యాంకు నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు. రాళ్ళూ, పైన వదిలిన ఖాళీ తీసేస్తే సుమారు 400 లీటర్ల నీరు. గాయాలకు లీటరుకు 2 గ్రాముల లెక్కన 800 గ్రాముల కళ్ళుప్పు చాలు. నౌపడ ఉప్పు పొడి చెయ్యకుండా దొరికితే అదే తీసుకో. వంటింట్లో ఉన్న అయొడిన్ ఉప్పు వద్దు. బకెట్లో కరిగించి, ఒకటిన్నర రోజులో మూడు విడతలుగా పొయ్యి. నీరు మార్చినప్పుడు తీసేసిన నీటికి సరిపడా ఉప్పే మళ్ళీ వెయ్యాలి, మొత్తానికి కాదు. మందుల కంటే శుభ్రమైన నీరే ఎక్కువ పని చేస్తుంది. వారం పాటు రెండు రోజులకోసారి నాలుగో వంతు నీరు మార్చు. మునిసిపాలిటీ కుళాయి నీరైతే డ్రమ్ములో ఒక రోజు గాలి కొట్టించి, క్లోరిన్ పోయాకే పొయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. మగచేప దుర్మార్గంది, మార్చేద్దామా అని అడిగావు. దాని గుణంలో తప్పు లేదు. మగది దాదాపు ఎప్పుడూ జత కట్టడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆడది మాత్రం గుడ్లు పండిన ఆ రెండు మూడు రోజులే సిద్ధం. ఈ జాతి పుట్టిల్లు మధ్య అమెరికా, పేరు కూడా నికరాగువాలోని మనాగువా సరస్సు మీదే వచ్చింది. అక్కడైతే సిద్ధంగా లేని ఆడచేప ఈదుకుంటూ దూరంగా వెళ్ళిపోతుంది, కథ అక్కడితో సరి. నీ ట్యాంకులో నాలుగడుగుల తర్వాత అద్దం. ఆడది జత కట్టదు, చోటు ఖాళీ చెయ్యదు. మగదాని లెక్కలో అది తన ఇంట్లో జొరబడ్డ చేప. అందుకే కొడుతుంది. నువ్వు ట్యాంకు మధ్యలో తడిక అడ్డుపెట్టి రెండు వారాలు వేరుగా ఉంచి, గడువైందని దాన్ని తీసేశావు. తడిక తీయాల్సింది క్యాలెండరు చూసి కాదు, ఆడచేప పొట్ట కింద చూసి.

ఏం చూడాలో చెబుతాను. మలద్వారానికి వెనకనే చిన్న గొట్టం బయటికి వస్తుంది. మగదానికి సన్నగా, మొన తేలి ఉంటుంది. ఆడదానికి లావుగా, చివర మొద్దుగా, పెన్సిలు వెనక రబ్బరులా కనిపిస్తుంది. గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు అది స్పష్టంగా కిందికి దిగుతుంది. అప్పటికి ఆడది రాతిని నోటితో గీకి శుభ్రం చేస్తుంటుంది, తడిక దగ్గరికి తనే వచ్చి ఒళ్ళు వణికిస్తుంది. ఈ మూడూ కలిసి కనిపించాలి. పొట్ట ఒక్కటే ఉబ్బితే నమ్మకు, తిండి ఎక్కువైనా ఉబ్బుతుంది.

తడిక గట్టిగా ఉండాలి. నువ్వు పెట్టిన పల్చటి ప్లాస్టిక్ వల జాగ్వార్ ముందు ఆగదు. ఫాల్స్ సీలింగులో ట్యూబులైట్ల కింద వేసే తెల్లటి గళ్ళ షీటు ఉంటుంది, గడి అర అంగుళం, అది సరిగ్గా సరిపోతుంది. దొరక్కపోతే 6 మి.మీ. అక్రిలిక్ షీటుకు 10 మి.మీ. రంధ్రాలు అంగుళానికొకటి వేయించు. ట్యాంకు ఖాళీ చేసి, ముందు అద్దానికీ వెనక అద్దానికీ రెండేసి గాజు పట్టీలు అతికించి, మధ్యలో షీటు దిగేలా గాడి చెయ్యి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికోనే వాడు. బాత్రూముల కోసం అమ్మే బూజు పట్టని రకం వద్దు, అందులో మందు కలుస్తుంది. కనీసం రెండు రోజులు ఆరనివ్వు. షీటు అడుగున ఇసుకలో దిగాలి, పైన మూతకు తగలాలి. పై అంచున రెండంగుళాల సందున్నా చేప రాత్రి ఎగిరి అవతల పడుతుంది. మూత మీద బరువు కూడా పెట్టు.

నిజం చెప్పాలంటే నీ జతకు తడిక అసలు తీయకుండానే గుడ్లు పొదిగించవచ్చు. మగది 14 అంగుళాలు, ఆడది 9 అన్నావు. ఇంత తేడా ఉన్నప్పుడు నా ఓటు దీనికే. టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ పనుల్లో మిగిలే చదునైన ముక్క ఒకటి తెచ్చుకో, అడుగు పొడవు చాలు. గ్రానైట్ నీటిలో కరగదు, సున్నపురాయిలా పీహెచ్ పెంచదు. దాన్ని ఆడదాని వైపు, తడికకు రెండంగుళాల దూరంలో పెట్టు. మిగతా చోట్ల చదునైనదేదీ ఉంచకు, లేకపోతే గుడ్లు దూరంగా మూలన పెడుతుంది. ఫిల్టరు నీరు పడే గొట్టం మగదాని వైపు, పీల్చే గొట్టం ఆడదాని వైపు ఉండాలి. ఆడది గుడ్లు పెడుతుంటే మగది తడికకు ఆనుకుని పాలు (వీర్యం) వదులుతుంది, ఆ నీటి నడక వాటిని గుడ్ల మీదికి మోస్తుంది. అన్నీ ఫలించవు. కానీ ఒక విడతలో వెయ్యికి పైన గుడ్లు పెట్టే చేప, సగం ఫలించినా నీ చోటుకు మించే పిల్లలు.

ఆడది మాత్రమే దూరే కంత తడికలో కోయమని ఎవరైనా చెబుతారు. పనికొచ్చే పద్ధతే, కానీ కొలత తప్పితే ప్రాణం పోతుంది. మగదాని తల పట్టి ఒళ్ళు పట్టకపోతే మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, వెనక్కి రాలేదు. తల కూడా దూరనంత చిన్నదైతేనే కొయ్యి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దు.

తడిక తీసి చూడాలనే ఉంటే, రోజంతా ఇంట్లో ఉండే ఆదివారం పొద్దున పెట్టుకో. ముందు మగదానికి కడుపునిండా తిండి పెట్టు. పెంకు ఒలిచిన రొయ్య ముక్కలు మంచివి, కోడిమాంసం వద్దు. లైటు తగ్గించు, రాళ్ళన్నీ చోటు మార్చు. పాత హద్దులు చెరిగిపోతే మగదానికి కాస్త అయోమయంగా ఉంటుంది, ఆ కాసేపు ఆడదానికి కలిసొస్తుంది. వేడి 28 డిగ్రీలు దాటనివ్వకు, ఎండల్లో నీరు వేడెక్కిన కొద్దీ కోపం పెరుగుతుంది. అప్పుడు తడిక ఎత్తి, చేతిలో ఒక ప్లాస్టిక్ పలక పట్టుకుని పదిహేను నిమిషాలు అక్కడే కూర్చో. పక్కపక్కన నిలబడి తోకలు కొట్టుకోవడం, మొప్పలు విప్పడం, నోళ్ళు పట్టుకుని కొన్ని క్షణాలు గుంజుకోవడం చూసి భయపడకు, అవి ఒకదాన్నొకటి తూకం వేసుకుంటున్నాయి. ఆడది ఎదురు నిలబడుతోందా లేదా అన్నదే ప్రశ్న. అది తిరగబడకుండా పారిపోతుంటే, మగది పొట్టలోకి పొడుస్తుంటే, పలక అడ్డుపెట్టి తడిక దించెయ్యి. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనుకున్నప్పుడే ఆడచేప కన్ను పోతుంది.

చేతులు పెట్టేముందు హీటరు స్విచ్చి ఆపడం మరవకు. పెద్ద చేప తోక దెబ్బకు గాజు హీటరు పగలొచ్చు. దానికి ప్లాస్టిక్ కవచం, ఇంటి లైనుకు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి.

గుడ్లు 28 డిగ్రీల దగ్గర మూడు రోజులకు పొదుగుతాయి, మరో ఐదారు రోజులకు పిల్లలు ఈదుతాయి. తెల్లబడినవి ఫలించనివి. రెండో రోజుకే అన్నీ తెల్లబడితే మగదాని పాలు అందలేదనుకో, రాయిని ఇంకాస్త దగ్గరికి జరుపు. పిల్లలు ఈదడం మొదలయ్యాక ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లలు) పెట్టు. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, గట్టిగా గాలి, 28 డిగ్రీల వేడి ఉంటే దాని గుడ్లు ఒక రోజులో పొదుగుతాయి.

తడిక ఉన్నా పిల్లలు గళ్ళలోంచి అటూ ఇటూ తిరుగుతాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. పిల్లలన్నిటినీ ఒకేసారి తీసేస్తే కాపలాకు పని లేక పెద్దవి ఒకదాని మీదొకటి పడతాయి. తడిక లేని జతలో చావులు ఎక్కువగా ఇక్కడే. సైఫను గొట్టంతో విడతలుగా తీసి, ఆఖరున ఓ ఇరవై ముప్ఫై వదిలెయ్యి. ఎన్ని పిల్లలకు ఎవరింట్లో చోటుందో ముందే మాట్లాడుకో. మిగిలాయని నాగావళిలోనో చంపావతిలోనో వదలకు. ఇది వేటాడే చేప, మన పరకలకూ జెల్లలకూ చేటు.

అక్టోబరులో మాత్రం ఈ పని పెట్టుకోకు. 2014లో హుద్‌హుద్ తుఫాను 12న, 2018లో తిత్లీ తుఫాను 11న తీరం దాటాయి, రెండూ ఆ నెలలోనే. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇప్పుడే కొని ఉంచు.

ఆడదాని తోక చీలికలు పూడి, మళ్ళీ తిండికి ఎదురొచ్చేదాకా, అంటే కనీసం మూడు వారాలు, జత మాటే ఎత్తకు. ఆ తర్వాత గొట్టం దిగిన రోజున పక్కనుంచి ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య
శ్రీకాకుళం