వడ్డీ మాఫీ కోసం ఆగకండి, ముందు మీ నంబరు మీద ఏముందో చూసుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు ఒక ఫ్లాటు ఉంది. రెండేళ్లుగా ఆస్తి పన్ను కట్టలేదు. ఎలాగూ మార్చిలో వడ్డీ మాఫీ పెడతారు, అప్పుడు కట్టుకోవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. అప్పటిదాకా ఆగితే మంచిదా, ఇప్పుడే కట్టేయాలా?

ఇప్పుడే కట్టేయండి. ఆగమన్నవాళ్లు కాగితం మీద లెక్క వేసి ఉండరు. నేను చాలా ఏళ్లుగా అకౌంట్స్ పనిలో ఉన్నాను, మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు కూడా నేనే చూస్తాను. మార్చి వచ్చిందంటే లిఫ్టులో ఆపి మరీ ఇదే అడుగుతారు.

మీ పన్ను ఏడాదికి 6,000 అనుకోండి. జీహెచ్‌ఎంసీలో ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, 5,700తో అయిపోతుంది. ఈ తగ్గింపు ఆ ఏడాది పన్నుకే, పాత బకాయికి రాదు. ఏప్రిల్‌లో కుదరకపోతే మొదటి ఆర్నెల్లది జులై 31లోపు, రెండోది అక్టోబర్ 15లోపు కట్టాలి. అవి దాటాయంటే నెలకు 2 శాతం వడ్డీ. రెండే కదా అనిపిస్తుంది, ఏడాదికి 24 అవుతుంది. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే అందులో సగానికే అప్పు దొరుకుతుంది. 6,000 మీద నిండా ఏడాది వడ్డీ 1,440 రూపాయలు.

మాఫీ సంగతి అబద్ధం కాదు. 2020లో పెట్టారు, 2022లో పెట్టారు, 2024లో, 2025లో కూడా పెట్టారు. వడ్డీలో 90 శాతం కొట్టేస్తారు. ఆంధ్రలో 2025 మార్చిలో సగం కొట్టేశారు. సరే, మీ అదృష్టం బాగుండి మళ్లీ 90 శాతం మాఫీ వచ్చిందే అనుకుందాం. 1,440లో 144 మిగులుతుంది, మొత్తం 6,144 కడతారు. ఏప్రిల్‌లో కట్టినాయన 5,700 కట్టి ఊరుకున్నాడు. తేడా 444. బ్యాంకులో 5,700 వేసి ఏడు శాతం వడ్డీతో ఆ 444 సంపాదించాలంటే ఏడాది దాటి ఆగాలి. అంటే ఇన్నాళ్లు భయపడుతూ, ఎదురుచూస్తూ ఉండి, మాఫీ వచ్చినా కూడా మీకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. రాకపోతే పూర్తి వడ్డీ నెత్తిన పడుతుంది. జీవో చేతికి వచ్చేదాకా మాఫీ వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఈ మాఫీల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఏటా సమయానికి కట్టే పెన్షనర్లు, అద్దె డబ్బుల మీద బతికే ముసలివాళ్లు వీటిని పేపర్లో చదివి ఏమనుకోవాలి? కోట్ల విలువైన వాణిజ్య భవనాల యజమానులు ఏళ్ల తరబడి ఆపి, మాఫీ రోజున ఫొటోలకు నవ్వుతూ చెక్కు ఇస్తారు. సమయానికి కట్టినవాళ్లకు ఇచ్చే 5 శాతాన్ని 10 చేయండి, మాఫీలు పూర్తిగా మానేయండి. వసూళ్లు పెరగకపోతే నన్నడగండి.

అయితే నేను ఇంత పొడుగు జవాబుకు కూర్చున్నది ఈ 444 రూపాయల కోసం కాదు. బకాయి పాతబడేకొద్దీ ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నదే చిక్కుపడిపోతుంది. ఒక్క రూపాయి ఎగ్గొట్టని మా పిన్నికే ఆ గతి పట్టింది, ఇక కట్టకుండా వదిలేసినవాళ్ల సంగతి చెప్పాలా?

మా పిన్నిది కోస్తాలో ఒక మునిసిపాలిటీ, పేరు చెప్పను. బాబాయి ఉద్యోగంలో ఉండగా కింద ఇల్లు కట్టారు, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో పైన మేడ వేశారు. బాబాయి పోయాక పిన్ని కింద ఉంటూ మేడ అద్దెకిచ్చింది. ఇంటి పన్ను కట్టడం ఆవిడకు ఒక నోము లాంటిది. ఉగాది వెళ్లగానే బిల్ కలెక్టర్ కోసం చూసేది. అతను రాకపోతే తనే ఆటో ఎక్కి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, వరుసలో నిలబడి కట్టి, రశీదు పర్సులో పెట్టుకుని వచ్చేది.

ఒక మార్చి నెలలో పొద్దున్నే పాలబ్బాయి బెల్లు కొట్టి, "అమ్మగారూ, గేటుకి ఏదో ఎర్ర కాగితం అంటించారు" అన్నాడట. చూస్తే బాబాయి పేరు, డోర్ నంబరు, మేడ వేసిన నాటి నుంచి బకాయి, దాని కింద వడ్డీ. అసలు కంటే వడ్డీ ఎక్కువైపోయింది. కట్టకపోతే సామాను జప్తు చేస్తామని చివర్లో ఒక వాక్యం.

ఫోన్ చేసినప్పుడు పిన్ని ఆ మొత్తం ఎంతో కూడా చెప్పలేదు. "మీ బాబాయి పోయిన ఏడు కూడా ఆపలేదే నేను. పన్నెండో రోజు అయ్యాక వెళ్లి కట్టొచ్చాను. వీధిలో అందరూ ఆగి చదివి వెళ్తున్నారే అమ్మాయ్" అంది. ఆ రాత్రే బస్సెక్కాను.

మర్నాడు ఇద్దరం రేకుపెట్టె ముందు కూర్చున్నాం. బిల్ కలెక్టర్ చేత్తో రాసిచ్చిన పాత కార్బన్ రశీదులు ఇప్పటికీ చక్కగా చదవొచ్చు. తర్వాతివి, చేతి మిషన్‌లోంచి వచ్చే పల్చటి కాగితాలు, తెల్లగా మారిపోయాయి. కిటికీ దగ్గర పెట్టి చూసినా ఒక్క అంకె కనపడదు. ప్రభుత్వానికి డబ్బు కట్టిన మనిషికి, ఆ రుజువును నాలుగు రోజుల్లో చెరిగిపోయే కాగితం మీద ఇవ్వడం ఏం న్యాయమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మా పిన్ని ఏడో తరగతి చదివింది. కానీ ప్రతి రశీదు వెనకా తేదీ, మొత్తం, డబ్బు తీసుకున్న మనిషి పేరు బాల్‌పెన్నుతో రాసిపెట్టుకుంది. తర్వాత మమ్మల్ని కాపాడింది ఆ రాతే.

ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్ చూసి, "మీకు రెండు అసెస్‌మెంట్లు ఉన్నాయమ్మా, ఒకదానికే కడుతున్నారు" అన్నాడు. అంటే ఒకే ఇంటికి రెండు పన్ను ఖాతాలు, రెండు నంబర్లు. జరిగింది ఏమిటంటే, మేడ వేసినప్పుడు కొలతలు తీసుకెళ్లి పాత నంబరు మీదే పన్ను పెంచారు. పిన్ని ఆ పెంచిన పన్నే కడుతూ వచ్చింది. అది చాలదన్నట్టు మేడకు విడిగా ఇంకో నంబరు కూడా పుట్టించారు. ఒకే మేడకు రెండుసార్లు పన్ను. ఆ రెండో నంబరు పేరుతో ఒక్క నోటీసూ పిన్ని చేతికి రాలేదు. మేడ మీద అద్దెకున్నవాళ్లు మారుతూ వచ్చారు, వాళ్లలో ఎవరికిచ్చి వెళ్లిపోయారో.

ఆ గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. "ఇప్పటికి ఆగండి, వడ్డీ మాఫీ పెడితే అప్పుడు తక్కువలో కట్టేసుకోవచ్చు" అని మంచి మాటే అనుకుని చెప్పాడు. పిన్ని కుర్చీలోంచి లేచి, "నేను బాకీ పడితే కదా నాయనా, నాకు మాఫీ చేయడానికి" అంది. ఆ గదిలో ఇంకెవరూ మాట్లాడలేదు.

వేసిన పన్నును మళ్లీ చూసి సరిచేయమని అడిగే అర్జీ, అదే రివిజన్ పిటిషన్, నేనే రాశాను. రెండు అసెస్‌మెంట్ నంబర్లు, డోర్ నంబరు, పాత నంబరు మీద ఎన్ని చదరపు అడుగులకు పన్ను వేశారో ఉన్న డిమాండ్ నోటీసు, ఇంటి ప్లాను, రశీదులకు రెండువైపులా జిరాక్సులు జతచేశాం. ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, మా కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఈ ముద్ర చాలా ముఖ్యం. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే లెక్కకాదు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేకపోతే, సోమవారం గ్రీవెన్స్‌లో అదే కాపీ మళ్లీ ఇచ్చాం. అప్పుడు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని వచ్చి కింద, పైన కొలిచాడు. పాత నంబరు మీదున్న అడుగుల్లోనే మేడ కూడా కలిసి ఉందని తేలింది. రెండో నంబరు రద్దయింది, దాని మీది వడ్డీ కూడా పోయింది. ఈలోపు నెలలు గడిచాయి, తెర మీద మాత్రం నెల నెలా రెండు శాతం పెరుగుతూనే ఉంది.

గేటు మీది కాగితాన్ని పిన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పై ఇంటి కుర్రాడు చింపేస్తానంటే కేకలేసింది. అంటించినవాళ్లే వచ్చి తియ్యాలని పట్టుబట్టింది. రద్దు ఉత్తర్వు వచ్చాక బిల్ కలెక్టర్ వచ్చి, బకెట్టు నీళ్లు తెచ్చుకుని, వీధిలో అందరూ చూస్తుండగా గీకి తీశాడు. అతనికి మా పిన్ని కాఫీ ఇచ్చింది కూడా.

అందుకే చెప్తున్నా, రెండేళ్లు చూడకుండా వదిలేసిన మీ నంబరు మీద అసలు ఏముందో ముందు చూడండి. హైదరాబాద్ ఫ్లాటు కాబట్టి మొదట చూడాల్సింది పేరు. పిటిన్, అంటే మీ ఆస్తికి జీహెచ్‌ఎంసీ ఇచ్చిన పన్ను నంబరు, మీ పేరున ఉందా, ఇంకా బిల్డరు పేరునే ఉందా? బిల్డరు పేరునే ఉంటే డిమాండ్ మెసేజీలన్నీ ఆయన ఫోన్‌కే వెళ్తుంటాయి, ఆయన చదివి మీకు పంపుతాడని ఆశపడొద్దు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇలాంటి ఫ్లాట్లు బయటపడ్డాయి. ఆ తర్వాత విస్తీర్ణం చూడండి. సేల్ డీడ్‌లో ఉన్నదానికీ పన్ను వేసినదానికీ తేడా ఉంటే ఇప్పుడే అర్జీ పెట్టండి, అమ్మేటప్పుడు కాదు. సొంతంగా ఉంటున్నారా, అద్దెకిచ్చారా అన్నదాన్ని కూడా ఏమని రాశారో చూడండి.

ఫోన్‌లో కట్టేటప్పుడు డబ్బు కట్ అయి రశీదు రాకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకండి. ఒకట్రెండు రోజులాగి బకాయి పేజీ చూడండి. డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజీ వస్తే సరిపోదు, మీ నంబరు మీద బకాయి సున్నా కనపడాలి. ఆ పేజీ, రశీదు రెండూ పీడీఎఫ్‌గా దాచుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. మార్చి 31 రాత్రి మాత్రం ప్రయత్నించొద్దు. ఆ రోజు ఊరంతా అదే సైటు మీద పడుతుంది.

ఆంధ్రలో ఇల్లున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. అక్కడ కూడా ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గుతుంది, ఆలస్యమైతే నెలకు 2 శాతమే. కానీ తేదీలు వేరు, మొదటి ఆర్నెల్లకు జూన్ 30, రెండోదానికి డిసెంబర్ 31. 2021 నుంచి అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న హద్దు పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు సొంతింటికి ఏడాదికి 50 రూపాయలే. జీహెచ్‌ఎంసీలో ఏడాదికి 1,200 లోపు పన్ను ఉన్న సొంతింటివాళ్లకు 101 రూపాయలతో సరిపెట్టారు. ఈ రెండూ మంచి పనులని ఒప్పుకుంటాను.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. పన్ను బిల్లులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది చూడండి, పన్ను మీద నూటికి 8 రూపాయలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు మునిసిపాలిటీ మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. మన దగ్గర మాత్రం ఠంచనుగా వసూలు చేస్తారు. అక్కడికి చేరాల్సింది ఏళ్లకేళ్లు చేరదు. పిన్ని వాళ్ల ఊరి లైబ్రరీకి వెళ్లి చూశాను. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చుకుంటున్నారు. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగిన నేల ఇది. మనం పన్ను ఆలస్యం చేస్తే నెలకు రెండు శాతం వేసేవాళ్లు, లైబ్రరీకి ఇవ్వాల్సింది ఆలస్యం చేసినందుకు ఎంత వడ్డీ కడుతున్నారో ఎవరైనా సమాచార హక్కు కింద అడగాలి. మా సంఘం తరఫున నేను అడగబోతున్నాను.

మీ విషయానికొస్తే, రెండేళ్ల బకాయి వడ్డీతో సహా ఈ వారంలోనే తీర్చేయండి. వచ్చే ఏప్రిల్‌లో 5 శాతం తగ్గింపుతో ఏడాదిది కట్టేయండి. పిటిన్ ఇంకా బిల్డరు పేరున ఉందని తేలితే ఇక్కడే కింద రాయండి, మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పించుకోవడానికి, మా దగ్గర ఏ కాగితాలు అడిగారో వరుసగా చెప్తాను.