మోకాలి కన్నా ముందు తల చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 63. రెండు నెలల క్రితం రోడ్డు దాటుతుంటే బైక్ గుద్దేసింది. కుడి మోకాలికి బాగా దెబ్బ తగిలింది. పడినప్పుడు తల కూడా నేలకు తగిలింది కానీ స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. మోకాలి ఎక్స్-రేలో ఎముక విరగలేదన్నారు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు నొప్పి. తెలిసినవాళ్లు చెబితే డైక్లోఫెనాక్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. గుండెకు స్టెంట్ ఉంది, ఆస్పిరిన్ వాడుతున్నాను. నెల రోజులుగా తలనొప్పి వస్తోంది. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోతోంది, కుంటుతూ నడవడం వల్లేమో. ముందు ముందు మోకాలు అరిగిపోయి ఆపరేషన్ దాకా వస్తుందా?
— ఒక పాఠకుడు

జవాబు: మోకాలి సంగతి తర్వాత చెబుతాను. ఇది చదవగానే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. రేపు, ఎల్లుండి అని వాయిదా వేయకండి. తోడు ఎవరినైనా తీసుకెళ్లండి, బండి మాత్రం మీరు నడపొద్దు.

ఎందుకు చెబుతున్నానంటే, దెబ్బ తగిలింది మీ కుడి మోకాలికి, చెప్పు జారుతున్నది ఎడమ కాలికి. కుంటుతూ నడిస్తే బాగున్న కాలి మీద బరువు పడి అది నొప్పి పుట్టొచ్చు. అంతేగానీ చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం ఉండదు. పాదంలో పట్టో, స్పర్శో తగ్గితేనే అలా జరుగుతుంది. దానికి కారణం నడుము దగ్గర నరం నొక్కుకోవడం కావచ్చు, షుగర్ కావచ్చు (మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు). కానీ తలకు దెబ్బ, నెలగా తలనొప్పి, పైగా రక్తం త్వరగా గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్. ఇవన్నీ ఒకేచోట కనిపించినప్పుడు, మెదడు మీది పొర కింద రక్తం చేరిందేమో అన్నదే మేం ముందుగా చూస్తాం. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. ఉత్తరం చదివి రోగం తేల్చలేను. మీకు అది లేకపోవచ్చు కూడా. లేదని స్కాన్ చెప్పాలి, మనం అనుకుంటే చాలదు.

వాహనం గుద్దినప్పుడు ఒంటికి రెండు దెబ్బలు తగులుతాయి. బండి తగిలినచోట ఒకటి, కింద పడినచోట ఇంకొకటి. మొదటిది అందరికీ గుర్తుంటుంది, రెండోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దాని నుంచి పైపొరకు వెళ్లే సన్నటి సిరలు అప్పటికే సాగి ఉంటాయి కాబట్టి చిన్న కుదుపుకే చిట్లగలవు. రక్తం మెల్లగా ఊరుతుంది. తలలో కాస్త ఖాళీ ఉన్నందువల్ల మొదట్లో ఏ ఇబ్బందీ ఉండదు. సాధారణంగా 3 వారాలు దాటాక, ఒక్కోసారి 2, 3 నెలలకు తలనొప్పి, మగత, మతిమరుపు, నడక తూలడం, ఒక పక్క పట్టు తగ్గడం మొదలవుతాయి. అప్పటికి ఇంట్లోవాళ్లు యాక్సిడెంట్ సంగతే మర్చిపోయి, వయసు మీద పడిందిలే అనుకుంటారు. దెబ్బ తగిలిన రోజు స్కాన్ తీసి బాగుందన్నా సరే, కొత్తగా ఈ లక్షణాలు వస్తే మళ్లీ తీయాల్సిందే. చేరిన రక్తం కొంచెమే అయితే గమనిస్తూ ఉంటారు. ఎక్కువైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తారు. వేళకు వస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

ఇక ఆ మాత్రలు. స్టెంట్ ఉన్న మనిషి రెండు నెలలు రోజూ డైక్లోఫెనాక్ వేసుకోవడం ఏమిటండీ? గుండె జబ్బు ఉన్నవాళ్లకు మేం ఆ మందు రాయం, దానివల్ల గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చు, కిడ్నీల మీదా భారం పడుతుంది. మలం నల్లగా వస్తోందేమో గమనించారా? అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది, ఆ మాత్ర నొప్పిని కప్పిపెట్టింది. మోకాలి కోసం వేసుకున్నది తలనొప్పిని కూడా కొంత అణచే ఉంటుంది. లేకపోతే మీరు ఎప్పుడో డాక్టర్ దగ్గరికి వెళ్లేవారు. ఎవరికో పడిన మందు మీకు పడాలని లేదు. దాన్ని ఇవాళే ఆపండి. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆపాలా, కొనసాగించాలా అన్నది స్కాన్ చూసిన డాక్టర్, మీ గుండె డాక్టర్ మాట్లాడుకుని చెబుతారు.

మోకాలి విషయానికి వస్తే, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు, కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ ఎక్స్-రేలో కనిపించవు. సన్నటి పగులు కూడా ఒక్కోసారి దొరకదు. తల విషయం తేలాక ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి, అవసరమనుకుంటే ఎంఆర్ఐ రాస్తారు. గట్టి దెబ్బ తిన్న కీలు కొన్నేళ్లకు రెండోదానికంటే ముందు అరిగే అవకాశం ఉన్న మాట నిజమే, అందరికీ అలా జరగదు. తొడ కండ బలంగా ఉంటే మోకాలికి ఆసరా. రెండు నెలలుగా కుంటుతున్నారంటే కుడి తొడ ఈపాటికి సన్నబడి ఉండొచ్చు. ఫిజియోథెరపీతో దాన్ని మళ్లీ పెంచుకోవచ్చు.

వాంతులు, మగత, మాట తడబడటం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా అంబులెన్స్ పిలవండి. మీరు వాడే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. తల నేలకు తగిలిన సంగతి, ఎడమకాలి చెప్పు సంగతి వాళ్లు అడక్కపోయినా మీరే ముందు చెప్పండి.