ప్యానెల్ డ్రాయింగ్ అర్థం కావట్లేదా? ఒక్క డీఓఎల్ స్టార్టర్‌తో మొదలుపెట్టు

తమ్ముడూ, ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరానని, ప్యానెల్ డ్రాయింగ్ ముందు పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని రాశావు. టెన్షన్ పడకు. సింబల్స్ అన్నీ బట్టీ పట్టాకే డ్రాయింగ్ పట్టుకుందామనుకుంటే మాత్రం ఎప్పటికీ మొదలవదు. ఒక్క డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్, అంటే మోటర్‌ని నేరుగా పూర్తి సప్లైకి కలిపే) స్టార్టర్ డ్రాయింగ్ తీసుకుని దాని అంతు చూడు. నేను పంప్‌హౌస్ మెయింటెనెన్స్‌లో చేరిన కొత్తలో మా సీనియర్ నాతో చేయించింది ఇదే.

పవర్ సర్క్యూట్ సులువు. మూడు ఫేజులు ఎంసీబీ నుంచి కాంటాక్టర్‌కి (కాయిల్‌కి సప్లై ఇస్తే మూసుకునే స్విచ్), అక్కడి నుంచి ఓవర్‌లోడ్ రిలేకి (మోటర్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేది), ఆపై మోటర్‌కి. అసలు కథంతా ఆ కాంటాక్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే కంట్రోల్ సర్క్యూట్‌లో ఉంది. డ్రాయింగ్ కాగితం మీద ఫేజ్ గీత దగ్గర వేలు పెట్టి బయలుదేరు. ఓవర్‌లోడ్ రిలే 95-96 టెర్మినల్స్, ఎర్ర స్టాప్ బటన్, పచ్చ స్టార్ట్ బటన్, కాంటాక్టర్ కాయిల్ టెర్మినల్స్ ఏ1, ఏ2, చివరికి న్యూట్రల్. కాయిల్ 415 వోల్టులదైతే న్యూట్రల్ బదులు ఇంకో ఫేజ్ ఉంటుంది. స్టార్ట్ నొక్కితే కాయిల్‌కి సప్లై అంది కాంటాక్టర్ పికప్ అవుతుంది, అంటే మూసుకుంటుంది. మరి బటన్ వదిలేశాక మోటర్ ఎందుకు ఆగదు? స్టార్ట్ బటన్‌కి పారలల్‌గా గీసిన 13-14 చూడు. అది అదే కాంటాక్టర్ మీదున్న ఆగ్జిలరీ కాంటాక్ట్, అంటే కంట్రోల్ సర్క్యూట్ కోసం ఉండే చిన్న కాంటాక్ట్. పికప్ అవగానే మూసుకుని కాయిల్‌ని పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే అది తెరుచుకుంటుంది, అందుకే కరెంటు మళ్లీ వచ్చినా మోటర్ దానంతట అది తిరగదు. ఇది నీకు నువ్వుగా తేల్చుకున్నావంటే మిగతా డ్రాయింగులు చాలావరకు దారికొస్తాయి.

కొత్తవాళ్లు తికమకపడేది ఇంకోచోట. కాగితం మీద కాయిల్ ఒక దగ్గర, దాని 13-14 ఇంకో దగ్గర, మెయిన్ కాంటాక్టులు వేరే పేజీలో ఉంటాయి. ప్యానెల్‌లో చూస్తే అన్నీ ఒకే వస్తువు. ఏది దేనికి కలిసిందో చెప్పడమే డ్రాయింగ్ పని. ఏది ఎక్కడ బిగించారో అందులో వెతక్కు. కే1 అని రాసి ఉన్నవన్నీ ఒకే కాంటాక్టర్‌వి. ఇంకా, కాంటాక్టులన్నీ సప్లై లేనప్పుడు, ఎవరూ బటన్ నొక్కనప్పుడు ఎలా ఉంటాయో అలాగే గీస్తారు. ఆగ్జిలరీ నంబర్ల చివరి అంకెలు 1-2 అయితే ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది), 3-4 అయితే ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది). 21-22 అయినా 43-44 అయినా అదే లెక్క.

షట్‌డౌన్ తీసుకున్న ప్యానెల్ దొరికితే వదులుకోకు. సీనియర్ పక్కనుండగా, సప్లై లేదని మల్టీమీటర్‌తో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టు. ఒక్కో వైరు ఫెరూల్ (వైరు చివర తొడిగే నంబర్ గొట్టం) నంబర్ చదివి, కంటిన్యుటీ (రెండు చివరలూ కలిసి ఉన్నాయా అని) చూసి, ప్రింటు మీద ఆ గీతకి రంగు వెయ్యి. పాత ప్యానెళ్లలో వైరింగ్ మార్చి డ్రాయింగ్ మార్చకుండా వదిలేసినవి దొరుకుతాయి. వాటిని పెన్సిల్‌తో గుర్తుపెట్టి సీనియర్‌కి చూపించు.

డీఓఎల్‌ని చూడకుండా గీయగలిగాక స్టార్-డెల్టాకి (మోటర్‌ని ముందు స్టార్‌లో, తర్వాత డెల్టాలో కలిపే స్టార్టర్) వెళ్లు. అక్కడ స్టార్ కాంటాక్టర్ ఎన్‌సీ డెల్టా కాయిల్ లైన్లో, డెల్టాది స్టార్ కాయిల్ లైన్లో ఉంటుంది. ముందు దాన్నే పట్టుకో. రెండూ ఒకేసారి పికప్ అయితే మూడు ఫేజులూ షార్ట్ అవుతాయి.