చాసిస్ నంబరు రేకు ఊడిపోయిన ఎంజీబీ జీటీకి బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్

కాలిఫోర్నియా నుంచి బ్రిటన్‌కు తెప్పించుకున్న మీ 1967 ఎంజీబీ జీటీ కారుకు బానెట్ కింద ఉండాల్సిన చాసిస్ నంబరు (బండి అసలు గుర్తింపు సంఖ్య) రేకు లేదన్నారు. దయచేసి సొంతంగా నంబరు కొట్టించకండి. అధికారుల కంటికి అది దొంగ బండిలా కనిపిస్తుంది.

ముందు అమెరికా టైటిల్ (బండి యాజమాన్య పత్రం) చూడండి. అందులో జీహెచ్‌డీ3ఎల్‌తో మొదలయ్యే నంబరుంటే సగం పని అయినట్టే. చివరి ఎల్ ఎడమ స్టీరింగ్‌కు గుర్తు. బాడీ నంబరు, ఇంజిన్ నంబరు వేరు. వాటిని దరఖాస్తులో చాసిస్ నంబరు గడిలో రాస్తే చిక్కుల్లో పడతారు. టైటిల్ నంబరుతో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ (ఫ్యాక్టరీ రికార్డుల ప్రకారం బండి వివరాల పత్రం) తెప్పించండి. అందులోని అసలు ఇంజిన్ నంబరు మీ బండిలో ఉన్నదానితో కలిస్తే అంతకంటే గట్టి ఆధారం దొరకడం కష్టం.

బండి దిగిన 14 రోజుల్లో నోవా (బయటి నుంచి వచ్చిన బండి సమాచారం ఇచ్చే పద్ధతి) ద్వారా పన్నుశాఖకు తెలియజేయాలి. అది పూర్తికాకుండా బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ రిజిస్టర్ చేయదు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ దరఖాస్తు వీ55/5 ఫారం, 55 పౌండ్ల రుసుము, ఒరిజినల్ టైటిల్, సర్టిఫికెట్, మీ గుర్తింపు, చిరునామా పత్రాల నకళ్లు పంపండి. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు జరగకపోతే ఎంఓటీ (ఏటా చేసే బండి భద్రతా తనిఖీ) అక్కర్లేదు, ఆ మినహాయింపు ప్రకటన ఫారం వీ112 జతచేస్తే చాలు. రేకు లేదన్న సంగతి లేఖలో ముందే రాసి, అది ఉండాల్సిన చోటు ఫొటోలు పెట్టండి.

అసలు నంబరు ఎంతకీ తేలకపోతే, డీవీఎల్ఏయే కొత్త నంబరు కేటాయించి, దాన్ని బండిపై కొట్టించమని లేఖ ఇస్తుంది. ఎంజీబీకి విడి చాసిస్ ఉండదు. అందుకే విప్పి మార్చగలిగే ముందు ఫెండర్ల (చక్రాల పైని రేకుల) మీద కాకుండా, తుప్పు పట్టని గట్టి బాడీ లోహంపై కొట్టించండి.