ఫ్లోరైడ్ పట్టిన నడుముకు మత్తు సూది

అమ్మకు 62 ఏండ్లు, తుంటి ఆపరేషన్ ఉంది, నడుముకు సూది ఇస్తే కాళ్లు ఎట్ల మొద్దుబారుతయి, తర్వాత జీవితాంతం నడుము నొప్పి ఉంటదా అని మునుగోడు నుంచి అడిగిన్రు.

నొప్పి సంగతి ముందు. పొడిచిన చోట రెండు మూడు రోజులు సలుపుతది, అంతే. కాన్పయిన పదేండ్లకు నడుము పట్టేసినా "ఆనాటి సూదే" అంటరు. మోసిన బిందెలు, వంగి ఏరిన పత్తి లెక్కలకే రావు.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతది. సూది దానికన్నా కిందికి, నాలుగో పూసకు పైసందులోనో కిందిసందులోనో దింపుతరు. 25 లేదా 26 గేజు, సన్నది. వెన్నుపాము చుట్టూ ఉండే తేట నీరు చుక్కలుగా వస్తేనే 0.5 శాతం హెవీ బుపివకైన్ అనే మత్తు మందు రెండు నుంచి మూడు మిల్లీలీటర్లు ఎక్కిస్తరు. డెక్స్ట్రోజ్ అనే చక్కెర కలిపినందుకు అది ఆ నీటికన్నా బరువు, ఎటు వాలిస్తే అటు జారుతది. నరాల్లో సోడియం పోయే దారులు మూసుకుంటయి, నొప్పి కబురు పైకి పోదు. ముందు కాళ్లు వెచ్చబడతయి, కదలిక ఆఖరుకు పోతది. ఆపరేషన్ల లాగుతున్నట్టు తెలిసినా భయపడొద్దు. రక్తనాళాలు సడలి బీపీ పడిపోతది కాబట్టి వికారం అనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాలె.

మన దిక్కు అసలు తిప్పలు వేరే. ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నడుము వంగదు. మెత్త ఒళ్లో పెట్టి, గదుమ ఛాతీకి ఆనించి వంగమంటే పూసల సందులు తెరుచుకోవాలె. పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు ఎముక తీరు గట్టిపడ్డంక ఎట్ల తెరుచుకుంటయి? సూది టక్కున తగిలి ఆగుతది. నడిమధ్యల మళ్ల మళ్ల గుచ్చుడు దండుగ పని. సెంటీమీటరు పక్కకు జరిగి, సూదిని కొంచెం లోపలికి, పైకి వాల్చి పోతే మధ్యలో గట్టిపడ్డ వాటిని తప్పించుకోవచ్చు. లేకుంటే ఐదో పూస కింది సందు, అన్నిట్ల వెడల్పైనది. అదీ కుదరకుంటే పూర్తి మత్తు. కానీ మెడ కూడా బిగుసుకొని ఉంటే గొంతులో గొట్టం వేసుడూ కష్టమే.

అందుకే ఏ ఊరి బోరు నీళ్లు ఎన్నేండ్లు తాగింది, తల పైకెత్తి చూడగలుగుతదా, రక్తం పలచబడే గోలీలు వేసుకుంటున్నదా అన్నవి మత్తు డాక్టరుకు ఆపరేషన్ రోజు పొద్దున కాదు, తేదీ ఇచ్చిన నాడే చెప్పున్రి. నడుము ఎక్స్-రే ఉంటే అదీ పట్టుకపోన్రి.