ఉపజాతి – ఎవరి జాతి?

సందేహం: ‘వ్యాధిగ్రస్త పశువులలోని ఉపజాతులను జన్యుపరంగా గుర్తించుట’ అని వ్యాసానికి పేరు పెడితే, చదివినవారు పశువుల జాతులనుకున్నారు. నేను చెప్పింది బాక్టీరియా సబ్‌స్పీసీస్ గురించి. ‘ఉపప్రజాతి’ అనవచ్చా?
– పశువైద్య విద్యార్థిని, గుంటూరు

సమాధానం: అనకూడదు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రజాతి అంటే జీనస్, జాతి అంటే స్పీసీస్. ఉపప్రజాతి అంటే జాతికి పైమెట్టు అవుతుంది, మీకు కావలసింది కిందిమెట్టు.

జాతి శబ్దం పుట్టుట అనే అర్థమున్న ‘జన్’ ధాతువు నుంచి వచ్చింది. జన్మ, జనని, జాతకం, ప్రజ దాని సంతానమే. లాటిన్ ‘జీనస్’, గ్రీకు ‘గెనోస్’ దాయాదులు. 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జొహాన్సెన్ వాడుకలోకి తెచ్చిన ‘జీన్’ గ్రీకు కొమ్మది, మన ‘జన్యువు’ సంస్కృతపు కొమ్మది. జన్యువును బట్టి జాతిని తేల్చడమంటే ఒకే ధాతువు రెండు దారుల్లో వెళ్లి మళ్లీ కలుసుకోవడమే. పూల జాజి కూడా జాతికి తద్భవమే.

ఉపజాతి మన ఛందస్సుకు పాత చుట్టం. ఆటవెలది, తేటగీతి రెండూ ఉపజాతులే. రెండింటికీ పాదానికి ఐదు గణాలు, రెండింటికీ ప్రాసనియమం లేదు. విడదీసి చూస్తేనే తేటగీతిలో ప్రతి పాదానా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కనిపిస్తాయి. ఆటవెలదిలో బేసిపాదాలకు మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరిపాదాలకు ఐదూ సూర్యగణాలే. మీ పరీక్షలో జరిగేదీ ఇటువంటి గణవిభజనే. ఎంత మేసినా చిక్కిపోతూ, ఆగకుండా పారుకుంటున్న ఆవు పేడలోని మైకోబాక్టీరియం ఏవియం అనే బాక్టీరియా, పక్షులకు జబ్బు తెచ్చే ఏవియం ఉపజాతో, పశువుల పేగులకు పట్టే జోన్స్ వ్యాధిని తెచ్చే పారాట్యూబర్‌క్యులోసిస్ ఉపజాతో సూక్ష్మదర్శినిలో తెలియదు. కల్చర్ చేద్దామంటే, అంటే ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే, నెలలు పడుతుంది. డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూపే పీసీఆర్ పరీక్షతో ఐఎస్900 అనే డీఎన్‌ఏ వరుసను వెదికితే రెండోదాని జాడ తెలుస్తుంది. దాన్ని పోలిన వరుసలు వేరే మైకోబాక్టీరియాలలోనూ కనబడ్డాయి గనుక ఎఫ్57 వంటి మరో గుర్తుతో సరిచూస్తారు. ఒక గణం కలిసినంత మాత్రాన పద్యమేదో తేలదు కదా.

ఇక ‘జన్యుపరంగా’. ఈ ‘పరంగా’ నేటి రాతలో గడ్డిలా అల్లుకుంది. ‘జన్యు పరీక్షతో’ అంటే సరిపోయేచోట దాన్ని ఎందుకు తగిలిస్తారో నాకు అర్థం కాదు, బాధగానూ ఉంటుంది. ‘ఒంగోలు జాతి’ అనే రైతు మాటను కాదనే హక్కు మనకు లేదు. రైతుకు జాతి అంటే పశువుల రకం, అంటే బ్రీడ్; మీ పేరులో తడబాటు అక్కడే వచ్చింది. ‘జబ్బుపడిన పశువుల్లో బాక్టీరియా ఉపజాతులను జన్యు పరీక్షతో గుర్తించడం’ అని పేరు మార్చండి. లోపల ఉత్త ‘ఉపజాతి’ చాలవచ్చు. గుంటూరు దగ్గరి లాం ఫారం ఒంగోలు ఆవుల ప్రస్తావన అదే పేరాలో వస్తే మాత్రం ‘బాక్టీరియా’ అని చేర్చడమే మేలనిపిస్తుంది.