హాస్టల్ సంగతి తర్వాత, ముందు ఆ బెల్టు తీసి లోపల పెట్టించండి

"మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారికి రొయ్యల చెరువులు. బాబుకి తొమ్మిదేళ్లు, ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, పుస్తకం తెరిస్తే కడుపునొప్పి అంటాడు. 'అమ్మ'లో ఒత్తు ఎగరగొడతాడు, 'పాలు'కి 'పలు' రాస్తాడు. ఇంగ్లిష్‌లో బి, డి తారుమారు. రోజూ అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ట్యూషన్. తర్వాత మావారు చదివిస్తారు. రాకపోతే 'ఈడికి పొగరు' అని బెల్టు తీస్తారు. ఆయన ఎనిమిదితోనే ఆపేశారు. చెరువు లెక్కలన్నీ నోటితో కట్టేస్తారు గానీ మేత కంపెనీ కాగితాలు, బ్యాంకు కాగితాలు నేనే చదివి పెడతాను. డిస్లెక్సియా ఏమో చూపించమని టీచరు అన్నారు. ఆ మాట గడప దాటకూడదని మా అత్తగారు. మంచి హాస్టల్ స్కూల్లో వేస్తే దారిలో పడతాడా? జ్ఞాపకశక్తికి సిరప్ ఏదైనా ఉందా?"
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి

అమ్మా, హాస్టల్ వద్దు, సిరప్ వద్దు. డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర తడబడటం, దానికి మందు లేదు. ఇంట్లో రెండున్నర గంటల ట్యూషన్‌కి రాని చదువు, హాస్టల్లో ఆరు గంటల స్టడీ అవర్‌కి అసలే రాదు. ఇప్పుడు కనీసం కడుపునొప్పి అని చెప్పుకోవడానికి అమ్మ ఉంది. మీరు అడిగినవి అయిపోయాయి, అడగని దానికి వస్తాను.

చెరువులో దించిన చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి ఎంత తగ్గించాలో, ఏ కౌంటుకి (కిలోకి తూగే రొయ్యల లెక్క) ఎంత వస్తుందో కాగితం లేకుండా తేల్చే మనిషి, చదవాల్సిన కాగితం వస్తే మీ చేతికిస్తున్నారు. ఎనిమిదితో ఆపేశారు. అక్కడ ఏం జరిగిందని మీరెప్పుడైనా అడిగారా? ఉత్తరం చూసి మీవారికి గానీ బాబుకి గానీ నేను పేరు పెట్టను, అది పరీక్షలో తేలాలి. కానీ డిస్లెక్సియా వంశంలో నడుస్తుంది. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి నలభై, యాభై దాకా ఉంటుంది. తను పడ్డ అవమానం కొడుకు పడకూడదని ఆయన భయపడుతూ ఉండవచ్చు. ఆ భయాన్ని అర్థం చేసుకోగలను, బెల్టుని ఒప్పుకోలేను. మీకూ ఒక మాట. ఆ కాగితాలు చదివిపెట్టి ఇన్నేళ్లుగా భర్త పరువు కాపాడుతున్నారు, బాగుంది. కొడుకు వీపు కాపాడటం కూడా మీ పనే. రాత్రి ఆయన చదివించడం ఇవాళ్టి నుంచి ఆగాలి.

ఇది పొగరు కాదని ఆయనకి ఎలా చెప్పాలంటారా? 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టరు వైద్య పత్రికలో పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా చిన్న మాటలు కూడా సరిగా చదవలేడు. లెక్కలు మాత్రం ఇష్టం, ఇబ్బంది లేకుండా చేస్తాడు. చదువంతా నోటితోనే చెబితే బడి మొత్తానికి వీడే చురుకైనవాడని అతని టీచరు చెప్పాడట. ఈ నాలుగు మాటలూ మీవారికి చదివి వినిపించండి.

ఈ పిల్లల కళ్లకి అక్షరాలు తిరగబడి కనిపించవు. మాటని శబ్దాలుగా విడగొట్టడం, ఒక్కో శబ్దానికి అక్షరాన్ని అతికించడం, అక్కడే తడబాటు. చెంచాని ఎటు తిప్పినా చెంచానే అని ప్రపంచం నేర్పింది. బి, డి మాత్రం ఒకే బొమ్మని తిప్పితే వేరే అక్షరమైపోతుంది. అందుకే ఏడేళ్ల లోపు పిల్లలు చాలామంది వాటిని తారుమారు చేస్తారు, అదొక్కటే చూసి కంగారుపడక్కర్లేదు. తొమ్మిదేళ్లకీ పోకపోవడం, దానితోపాటు దీర్ఘాలూ ఒత్తులూ ఎగిరిపోవడం చూసే టీచరు ఆ మాట అని ఉంటారు.

తెలుగు చదవడం కూడా తేలికేమీ కాదు. 'కీర్తి' చూడండి. గుడి 'ర' పైన ఉంది, 'త' ఒత్తు కింద ఉంది. పలికేటప్పుడు మాత్రం ముందు ర్, తర్వాత త్, ఆఖర్న పైనున్న ఇ. పిల్లాడు కనిపించిన వరసలో 'కీరిత' అని చదివితే, వాడి లెక్కలో అది తప్పు కాదు. అయినా తెలుగులో నేర్చుకున్న గుర్తు ప్రతిచోటా దాదాపు అదే పలుకుతుంది. ఇంగ్లిష్‌లో అదే 'ఎ' అక్షరం క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా. అందుకని ముందు ఇంట్లో మాట్లాడే భాషలో కుదురుకోనివ్వండి. ట్యూషన్‌లో హిందీ కూడా చెప్పిస్తుంటే అది ఆపించండి. మూడు లిపులు ఒకేసారి ఆ బుర్రకి బరువు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు, ట్యూషన్ సగానికి తగ్గించి. మొదటి అయిదు నిమిషాలు పుస్తకం లేకుండా చెవితో ఆడే ఆట. "నిమ్మకాయలో 'నిమ్మ' తీసేస్తే?" "తామరలో 'తా' తీసేస్తే?" కలం–కాలం, పడు–పాడు పలుకుతూ దీర్ఘం వచ్చినప్పుడు చెయ్యి సాగదీయమనండి. ఈ అయిదు నిమిషాలూ మీవారివి. చెరువు గట్టు మీద మేత చల్లుతూ కూడా ఆడించొచ్చు. చదవాల్సిన ముక్క ఒక్కటీ లేదు కాబట్టి తండ్రి తడబడే పని లేదు.

తర్వాత పది నిమిషాలు మీరు. వారానికి ఒకే ఒత్తు, లేదా ఒకే గుణింతపు గుర్తు. పళ్లెంలో ముగ్గుపిండి పరిచి, వేలితో పెద్దగా రాస్తూ ఆ శబ్దం పైకి పలకాలి, తర్వాతే పలక మీద. 'ల' ఒత్తు వారమైతే ఇల్లు, పల్లె, మల్లె, బిల్ల, తల్లి – అయిదు మాటలు. మర్నాడు ముందు నిన్నటివి చూడండి, తప్పినవి మళ్లీ చేర్చండి. ప–వ, ద–ధ, డ–ఢ లాంటి పోలిక ఉన్న జంటల్ని ఒకే వారంలో పెట్టకండి. ఒక మాటని ఇరవైసార్లు రాయించడం మానేయండి. మూడోసారి నుంచి పిల్లాడు పై వరస చూసి బొమ్మ గీస్తాడు, నోట్లో శబ్దం ఉండదు. మొదటిది తప్పయితే తప్పే ఇరవైసార్లు గట్టిపడుతుంది.

ఆఖరి అయిదు నిమిషాలు ఇద్దరూ ఒకే గొంతుగా పైకి చదవడం, రెండో తరగతి తెలుగు వాచకం చాలు. ఆగితే మనసులో అయిదు లెక్కపెట్టి మాట మీరే అందించండి. వాడు ఒకసారి అని ముందుకెళ్లాలి. 'గో' చూడగానే 'గోదావరి' అని ఊహించి దూకేస్తుంటే, చిన్న అట్టముక్క అడ్డంపెట్టి ఒక్కో అక్షరమే చూపించండి. సైన్సు, సోషల్ పాఠాలు మీరే చదివి వినిపించండి. చదవడం రాలేదని పాఠం కూడా పోగొట్టుకోనక్కర్లేదు. నిన్న వచ్చిన మాట ఇవాళ రాదు. బెల్టు లేచేది ఆ క్షణంలోనే అయి ఉంటుంది. ఈ పిల్లలకి ఒక మాట నిలవడానికి మిగతావాళ్లకంటే చాలా ఎక్కువసార్లు ఎదురుపడాలి. తేడా కనిపించడానికి నెలలు పడుతుంది.

పరీక్ష మాట. ముందు కళ్లు, చెవులు చూపించండి. తర్వాత సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, చదవడం రాయడం పరీక్షలు చేస్తారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రంలోని ప్రత్యేక టీచరుని కూడా కలవండి. ఫెయిర్ నోట్సు కాదు, డిక్టేషన్ నోట్సులు తీసుకెళ్లండి, టీచరు చేత నాలుగు వాక్యాలు రాయించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల్లో ఈ చదువు లోపం కూడా ఒకటి. వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాక ఇస్తారు, పద్నాలుగేళ్లకి, పద్దెనిమిదేళ్లకి మళ్లీ చూస్తారు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రాతపరీక్షలో గంటకి ఇరవై నిమిషాలు అదనం. స్కూల్లో ఈలోగా రెండే అడగండి: క్లాసులో లేపి చదివించొద్దు, తెలిసిన జవాబు నోటితో చెప్పనివ్వండి.

అత్తగారికి జవాబు అక్కర్లేదు. గడప దాటకపోతే ధ్రువపత్రం ఇంటికి నడిచి రాదు.

మీవారితో మాట్లాడేది ఆవిడ ముందు కాదు, చెరువులో రొయ్యలు పట్టే రోజుల్లో అసలే వద్దు. 'మీకూ ఇదే ఉంది' అనకండి. "చిన్నప్పుడు క్లాసులో లేచి చదవమంటే మీరేం చేసేవారు?" అని అడిగి ఊరుకోండి. సైకాలజిస్టు దగ్గరికి ఆయన తప్పకుండా రావాలి. ఇంట్లో ఇంకెవరికైనా చదవడంలో ఇలా ఉందా అని అక్కడ అడుగుతారు. అలవాటు కొద్దీ ఆ జవాబు కూడా మీరే అందుకోకండి, ఆయన్నే చెప్పనివ్వండి.